పండుగప్ప ఏ రాజుది?

ఒకానొక రాజ్యంలో ఒకానొక రాజు అని ఊరుకుంటే ప్రచండసింహుడి మీసానికి అన్యాయం జరిగిపోతుంది. ఆయన ఎడమ మీసం సభలోకి వచ్చాక కుడి మీసం రావడానికి రెండు గడియలు పట్టేది! ఆయన ఏలే నీలిపట్నం సముద్రపు ఒడ్డున ఉంది. అదే ఒడ్డున చందనగిరి, కాస్త దూరంలో నీళ్ల నడుమ పగడాలదీవి అని మరో రెండు రాజ్యాలున్నాయి.

తాతల నాటి నుంచి మూడు రాజ్యాల పడవలూ ఆ నీళ్లలో కలిసే తిరిగేవి. ప్రచండసింహుడికి అది నామోషీ అనిపించింది.

"సముద్రంలో ఎవరి వాటా వారిదే! ఒకరి వాటా చేపను ఇంకొకరు పట్టినా దొంగతనమే, తిన్నా దొంగతనమే. ఎంతటివాడికైనా చెరసాలే!" అని చాటింపు వేయించాడు.

మర్నాడే చందనగిరి జాలరులు ఏడుగురు చిక్కారు. చందనగిరి రాజు ఊరుకుంటాడా? ఆయనా నీలిపట్నం వాళ్లను ఏడుగురిని పట్టి లోపల వేశాడు. అందులో చేపలమ్మే నూకాలు మొగుడు ఎర్రయ్య ఒకడు.

నూకాలు చేపలబుట్టతో వచ్చి ఆస్థాన విదూషకుడు కూర్మన్న గుమ్మంలో కూలబడింది. కూర్మన్న అంటే సామాన్యుడా? ఆయన మాటకు బదులు చెప్పలేక నలభైమంది పండితులు ఒక్క పూటలో కాశీకి నడిచిపోయారు!

"బాబుగారూ, మా ఆయన్ని విడిపించండి. హద్దు హద్దు అంటారు, నీళ్ల మీద గీత ఎక్కడుంది బాబూ?"

కూర్మన్న బుట్టలోకి చూశాడు. మూరెడు పండుగప్ప చేప. దాని దవడలో ఇత్తడి గాలం.

"ఇదెవరిదమ్మా?"

"మనది ఇనుప గాలం బాబూ. ఇత్తడిది చందనగిరోళ్లే వేస్తారు. అక్కడ తెంపుకుని ఇటొచ్చి మా మరిది వలలో పడింది."

కూర్మన్నకు ఉపాయం తట్టింది. "చేప ఇలా ఇవ్వు. రాజుగారి భోజనం వేళకు నువ్వూ కోటకు రా."

ఆ మధ్యాహ్నం పులుసు ఘుమఘుమకు ఏడు వీధుల పిల్లులు కోటగోడ ఎక్కాయి. ప్రచండసింహుడు తలకాయ నుంచి తోక దాకా ఆరగించి, "ఆహా! మా వాటా సముద్రం రుచే వేరు!" అని త్రేన్చాడు.

కూర్మన్న బంగారు పళ్లెం పక్కన ఇత్తడి గాలం పెట్టాడు. "ఇది ఆ చేప దవడలో దొరికింది ప్రభూ. నూకాలమ్మా, చెప్పు."

"చందనగిరి గాలం దొరా. ఆ చేప పుట్టిందీ అక్కడే. వాళ్ల ఏరు సముద్రంలో కలిసేచోట ఈ చేపలు గుడ్లు పెడతాయి. ఆ రెండు నెలలూ వాళ్లక్కడ వల వెయ్యరు. పిల్లలు పగడాలదీవి మడ అడవుల్లో పెరుగుతాయి. బలిశాక ఇటొస్తే మనం పట్టుకుంటాం."

కూర్మన్న భటుల వైపు తిరిగాడు. "ఏమయ్యా, చూస్తారేం? పరాయి చేప తిన్నవారు దొరికారు. సంకెళ్లు తెండి!"

భటులు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. రాజు పీట మీంచి లేచాడు.

"కూర్మన్నా! నేనేమన్నా హద్దు దాటానా? చేపే వచ్చింది! నోరులేని చేపకు నీళ్ల మీద హద్దు ఎలా తెలుస్తుంది?"

"నోరున్న ఏడుగురూ అదే మొత్తుకున్నారు మహాప్రభో. చేప వెంట వచ్చాం, హద్దు కనబడలేదన్నారు. చేప తప్పు తమరు కడుపులో పెట్టుకున్నారు. దాని వెంట వచ్చినవాళ్లను బయట పెట్టండి."

రాజు ఇత్తడి గాలాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఇంకొక్క మాట ప్రభూ. కోపంతో చందనగిరివాళ్లు ఈసారి గుడ్లు పెట్టే చోటే వలలు వేస్తారట. తల్లిచేపలు పోతే, వచ్చే ఏడు తమ పళ్లెంలో ఒట్టి చింతపండు పులుసే."

"అంటే, చందనగిరి గుడ్లు కాస్తే, పగడాలదీవి పిల్లల్ని పెంచితే, నేను మీసం దువ్వుకుని నా చేప అంటున్నానన్నమాట!"

ప్రచండసింహుడు పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు రేవులో మూడు పడవలు తాళ్లు తెంచుకున్నాయి!

ఆ సాయంత్రమే చందనగిరి జాలరులు ఏడుగురికీ కొత్తబట్టలు పెట్టి పడవలో పంపారు. మూడోనాడు అదే పడవలో ఎర్రయ్య, తోటి ఆరుగురూ దిగారు. నూకాలు మొగుణ్ణి ముందు తిట్టి, తరువాత ఏడ్చింది. నెల తిరిగేలోగా ముగ్గురు రాజులూ నడిసముద్రంలో ఒకే ఓడ మీద కూర్చుని మాటిచ్చుకున్నారు: గుడ్లు పెట్టే రెండు నెలలూ ఎవరూ వల వేయరాదు, మిగతా పది నెలలూ ఎవరినీ ఎవరూ ఆపరాదు.

వల వేయని నెలలు మొదలైన రోజు, భోజనాల దగ్గర రాజు కూర్మన్న చేతికి స్వర్ణకంకణం తొడిగాడు.

"ఇంకో బహుమానం కూడా ఉందోయ్. ఈ రెండు నెలలూ నాకు పండుగప్ప లేదు కదా, సొరకాయే గతి! రోజూ నా పక్కనే నీ భోజనం. నేను తిన్నంత సొరకాయా నువ్వూ తినాలి."

"మహాప్రభో, కంకణం వెనక్కి తీసుకుని సొరకాయ మాఫీ చేయరాదా?"

"వీల్లేదు!" అని రాజు కడుపు పట్టుకుని నవ్వుతూ, వంటవాణ్ణి కేకేసి కూర్మన్నకు రెండో గరిటె కూడా వడ్డించమన్నాడు.