రానని చెప్పడానికి రావాలి

చిన్న కథే. పొయ్యి మీద పప్పు పొంగేలోపు అయిపోతుంది. నిన్న మా వీధి సుబ్బాయమ్మకి చెబుతుంటే, మధ్యలో వడియాలు తిప్పి వస్తానని లేచి వెళ్లింది. ఆమె వడియాల సంగతి కాకులని అడగాలి. ఒకసారి తిని మళ్లీ ఆ డాబా వైపు రాలేదవి. ఏం చెబుతున్నాను? ఆ, రాజు.

చిత్తగిరి రాజు వసంతభూపతికి భోజనం వేళ తెలియడానికి ఒక గంట కావాలనిపించింది. ఆకలేస్తే తెలియదా అనకండి. రాజులకి ఏదైనా ఎవరో ఒకరు చెప్పాలి.

గంటలు పోతపోసే కంచరి బ్రహ్మయాచారిది ఏటి అవతలి రాజ్యం. కొలిమి వరదలో పోయింది. భార్య కోనమ్మనీ, ఇంట్లో సామానునీ, మట్టి మూసలనీ పడవెక్కించుకుని ఇవతలి రేవులో దిగి, చిత్తగిరిలో స్థిరపడతామని అర్జీ పెట్టుకున్నాడు.

అర్జీలు చూసేది మంత్రి పేరయ్య. ఆయన రాసిన చట్టం ఇది: వలస వచ్చేవాళ్ల ఎదిగిన బిడ్డ ఎవరైనా అక్కడే ఉండిపోతే, ఆ బిడ్డ 'నేను రాను' అని కొలువులో స్వయంగా చెప్పాలి. ఈ చట్టాన్ని ఆయన రోజూ ఒకసారి పైకి చదువుకుని మురిసిపోయేవాడు.

ఇంకో చట్టం కూడా రాసుకున్నాడు. రాజుగారి గొడుగు నీడ ఎక్కడ పడితే అదే కొలువు. మోకాళ్ల నొప్పులు మరి. గొడుగు తన అరుగు మీద పాతించుకుని, కాళ్లు పిసికించుకుంటూ తీర్పులు చెప్పేవాడు.

బ్రహ్మయాచారి కొడుకు కనకాచారికి ముప్పై ఏళ్లు. మీసం ఒక పక్క వంకరగా ఉందని తండ్రి పదిమందిలో అన్నాడట. అలిగి అవతలే ఉండిపోయాడు.

"మూడుసార్లు కబురు పెట్టాను బాబూ. రానంటున్నాడు" అంది కోనమ్మ.

"ఆ ముక్కే ఇక్కడికొచ్చి చెప్పమను" అన్నాడు మంత్రి.

"రానని చెప్పడానికి నేనెందుకు రావాలి అంటున్నాడు."

"వాడి మాట బాగానే ఉంది. నా చట్టం ఇంకా బాగుంది."

అనుమతి లేనిదే కొలిమి వెలిగించకూడదు. పది రోజుల్లో తొలకరి. అప్పుడు రేవు మూసేస్తారు. మూసలు తడిస్తే మట్టి ముద్దలే. మొగుడూ పెళ్లాం తాటాకు చాప కింద మూసలని దాచి, తాము ఎండలో కూర్చున్నారు.

"చట్టం తప్పకుండా గంట మోగించినవాళ్లకి బంగారు కడియం" అన్నాడు రాజు.

రాజుకి తాంబూలం అందించే గున్నమ్మ ముందుకొచ్చింది. "ప్రభూ, మీ గొడుగూ ఒక లేఖరీ ఈ పూటకి నాకు కావాలి."

"నీ ఆకులేవో నువ్వు చుట్టుకోక నీకెందుకే ఇవన్నీ?" అన్నాడు పేరయ్య.

రాజు సరేనన్నాడు. గున్నమ్మ గొడుగుతో, లేఖరితో ఏరు దాటింది. కనకాచారి వాకిట్లో మంచమేసుకుని మీసానికి నూనె రాసుకుంటున్నాడు. ఆమె వెంట వచ్చిన మనుషులు అతని నెత్తిన రాజుగారి గొడుగు పట్టారు. ఎండ తగ్గిందని అతను ఇంకాస్త వెనక్కి వాలాడు.

"నాయనా, మీ అమ్మా నాన్నా ఏరు దాటేశారు. నువ్వూ వస్తావా?"

"నేను రాను."

"లేఖరి సరిగా విన్నాడో లేదో."

"ఎన్నిసార్లడిగినా నేను రాను."

లేఖరి రెండుసార్లూ రాసుకున్నాడు.

గున్నమ్మ తిరిగి రాగానే పేరయ్య ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. "వాడేడీ? కొలువుకి రాలేదేం?"

"వాడు రాలేదు మంత్రిగారూ. కొలువే వెళ్లింది."

"అది పరాయి నేల."

"నీడ అని రాశారు గానీ నేల అని రాయలేదుగా. అది కొలువు కాదంటే మీ అరుగూ కాదు. ఏడాదిగా అక్కడ చెప్పిన తీర్పులన్నీ మళ్లీ చెప్పాలి."

పేరయ్య మోకాళ్లు రుద్దుకున్నాడు. రాజు నోట్లో తాంబూలం ఒలికిపోయేలా నవ్వాడు. కడియం గున్నమ్మకి, అనుమతిపత్రం బ్రహ్మయాచారికి అందాయి. గొడుగు మళ్లీ అరుగు ఎక్కలేదు. మర్నాటి నుంచి మంత్రి కొలువుకి నడిచి వస్తున్నాడు.

వానకి ముందే గంట మోగింది. రేవు మూసే రోజున కనకాచారి పడవ దిగాడు. వంటగిన్నెలన్నీ తల్లి తెచ్చేసుకుందట, అవతల వండుకోవడానికి ఏమీ లేదట. రానని రెండుసార్లు చెప్పినట్టు రాసి ఉందని చూపించారు. అది కొట్టేయాలంటే తండ్రి కొలువుకి వచ్చి 'వాడు రావచ్చు' అని స్వయంగా చెప్పాలి. బ్రహ్మయాచారికి కబురు పెట్టారు.

రానన్నాడు.