తలుపు వెనక దాలమ్మ చోటు

ఊఁ కొట్టేవాళ్లుంటేనే చెప్తాను. ఊఁ కొట్టడం ఆగిందా, కథ అక్కడే చాప పరుచుకుని పడుకుంటుంది. తర్వాత లేపమని నా ప్రాణం తీయొద్దు. సరేనా?

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, మా ముత్తవ్వకి వాళ్ల ముత్తవ్వ చెప్పిన మాట ఇది. సముద్రానికీ కొండలకీ నడుమ ఒక ఊరు. ఆ ఊళ్లో ఇళ్లన్నీ గుండ్రంగా ఉండేవి. మట్టిగోడ గుండ్రంగా తిప్పి, పైన తాటాకు కప్పి, చూరు బాగా కిందికి దించేవాళ్లు. చుట్టిళ్లు అంటారు వాటిని. లోపలికెళ్లాలంటే ఎంతటివాడైనా తల వంచాల్సిందే. ఊరిపెద్ద కూడా వంచేవాడు, లేకపోతే బొప్పి కట్టేది.

అలాంటి ఒక చుట్టింట్లో ఒక తల్లి, ఇద్దరాడపిల్లలు ఉండేవాళ్లు. పెద్దది దాలమ్మ, చిన్నది పారి. పారి బొత్తిగా పసిది. తల్లిని అమ్మా అనేది, దాలమ్మని అప్పా అనేది, అంతకుమించి ఎవరి పేరూ దానికి తెలీదు. అప్ప చంక దిగేది కాదు. దిగిందా, మట్టి తినేది. నవ్వకండి, మీరు తినలేదేంటి? తల్లి కన్ను మరలితే చాలు, గోడ గిల్లి నోట్లో వేసుకునేది. తల్లి వీపు మీద ఒక్కటిచ్చేది. అప్ప వచ్చి మూతి తుడిచి ఎత్తుకునేది.

ఒక ఏడు వాన పడలేదు. రెండో ఏడూ పడలేదు. మూడో ఏడు తాగడానికి గంజి కూడా కరువైంది. ఆ ఏడు, ఎడ్ల మీద ఉప్పు బస్తాలేసుకుని ఊరూరా తిరిగే బేరగాళ్లు ఆ ఊరి మీదుగా వెళ్తున్నారు. వాళ్లలో పిల్లల్లేని మొగుడూ పెళ్లాం ఉన్నారు. "చిన్నదాన్ని మాకియ్యమ్మా. ఇంత కూడు పెట్టి సాకుతాం. కాలం బాగుపడ్డాక తెచ్చి నీకే అప్పజెప్తాం" అన్నారు. తల్లి ఇచ్చేసింది. ఏం చేస్తుంది మరి? ఇవ్వకపోతే పిల్ల కళ్లముందే పోయేట్టుంది.

పారి ఎద్దు మీద కూర్చుని "అప్పా! అప్పా!" అని ఏడుస్తూ వెళ్లింది. దాలమ్మ ఊరి చివరి దాకా పరిగెత్తింది. ఎద్దు మెడలో గంట వినబడినంతసేపూ అక్కడే నిలబడింది.

కాలం బాగుపడింది. ఉప్పు బేరగాళ్లు వచ్చారు, వెళ్లారు, మళ్లీ వచ్చారు. ఆ మొగుడూ పెళ్లాం మాత్రం రాలేదు. తల్లి దిగులుతో మంచం పట్టింది. పోయేముందు దాలమ్మ చెయ్యి పట్టుకుని ఒకటే మాట అంది. "దాలీ, ఇల్లు పడిపోనీకే. పారి ఒత్తే గుర్తుపట్టొద్దేటే?"

తర్వాత దాలమ్మని పొరుగూరి మనిషికిచ్చి చేశారు. పిల్లల్లేరు. ఏళ్లు గడిచాక ఆ మనిషీ పోయాడు. దాలమ్మ నెత్తిన ఒక మూట పెట్టుకుని సొంతూరు వచ్చేసింది. వచ్చి చూస్తే ఇల్లేదీ? కప్పు కూలిపోయింది. గోడ కరిగి కరిగి నడుమెత్తు మిగిలింది. లోపల జిల్లేళ్లు మొలిచాయి. ఎవరిదో మేక ఒకటి దర్జాగా పడుకుని నెమరేస్తోంది.

దాలమ్మ గడప ముందు కూలబడింది. "ఒక్క మాట అడిగావు కదే అమ్మా. అదీ నిలబెట్టలేకపోనాను" అని ఏడ్చింది.

ఎదురింట్లో నూకాలు అని ఒక మనిషి ఉండేది. చేతిలో పని ఆగదు, నోట్లో మాట ఆగదు. ఆమె వచ్చి మేకని తోలేసింది. "ఏడిత్తే గోడ లెగుత్తాదేటే? లెగు, పార పట్టుకో" అంది.

"నావల్ల అవుద్దేటి ఒదినా?"

"కాపోతే మేకతో కాపరం సెయ్యి" అంది నూకాలు.

అలా మొదలైంది. దాలమ్మ పొద్దున్నే కూలికి వెళ్లేది. తిరిగొచ్చేటప్పుడు గెడ్డ, అదే వాగు, దాని ఒడ్డు నుంచి తట్టెడు ఎర్రమట్టి మోసుకొచ్చేది. సాయంత్రం దానిలో గడ్డి ముక్కలు కలిపి, నీళ్లు పోసి, కాళ్లతో తొక్కేది. ముద్దలు చేసి పాత గోడ మీద పేర్చేది. తొక్కుతున్నంతసేపూ పారితో మాట్లాడేది. "ఇక్కడే గదే నీ ఉయ్యాల. ఇటుపక్కే గదా నీళ్లకుండ? లేదు లేదు, అటుపక్క" అని తనలో తనే తగువు పడేది. పారి మొహం ఎంత తలుచుకున్నా గుర్తొచ్చేది కాదు. చంకలో ఆ బరువు మాత్రం గుర్తుంది. మట్టి తట్ట చంకకెత్తుకున్నప్పుడల్లా దాలమ్మ పిల్లని జోకొట్టినట్టు దాన్ని ఓసారి తట్టేది.

ఒకరోజు జానెడు లేస్తే మర్నాడు మూరెడు కూలేది. అయినా ఎలాగో గోడ ఛాతీ ఎత్తుకొచ్చింది. దాలమ్మ మురిసిపోయింది. ఆ రాత్రే కాని కాలంలో వాన కురిసి కొత్త మట్టంతా కారిపోయింది. ఊరివాళ్లు వచ్చి చూశారు. "గుండ్రటి ఇల్లెందుకే దాలమ్మా, నాలుగు పలకలుగా కట్టుకో. పని తేలిక" అన్నారు.

"పారి ఒత్తే గుర్తుపట్టొద్దేటి?" అంది దాలమ్మ.

ఆ వానకి మేలూ జరిగిందండోయ్. కారిపోయిన మట్టి కింద తల్లి పెట్టిన పొయ్యిరాళ్లు బయటపడ్డాయి. మూడూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ రోజు దాలమ్మ కూలికి పోలేదు. ఆ రాళ్ల మీదే గంజి కాచుకుని, పండగ చేసుకున్నంత సంబరంగా తాగింది.

మళ్లీ గోడ లేపింది. వాసాలు ఎత్తింది. వాటికి చెదలు పట్టింది. చేత్తో నొక్కితే పిండిలా రాలిపోయాయి. దాలమ్మ మూడు రోజులు ఆ గోడ వైపే వెళ్లలేదు. నాలుగో రోజు ఒక కల్లుగీత మనిషి, గాలికి పడిపోయిన తాడిచెట్టు ఉంది తీసుకుపొమ్మన్నాడు. ఊరివాళ్లు తలో చెయ్యేసి మోశారు. "ఎలాగూ కొత్త వాసాలే కదా, చూరు కాస్త పైకెత్తుకో, తల తగలకుండా ఉంటుంది" అన్నారు.

"పారి ఒత్తే గుర్తుపట్టొద్దేటి?" అంది దాలమ్మ.

తాటాకు కప్పింది. సముద్రం మీంచి గాలి లేచి ఆకులన్నీ ఎగరేసుకుపోయింది. సగం గెడ్డలో పడ్డాయి, సగం నూకాలు పెరట్లో పడ్డాయి. "నా పెరడు కప్పమని నిన్నెవరడిగారే!" అని తిడుతూనే నూకాలు ఒక్కో ఆకూ ఏరి తెచ్చిచ్చింది. ఈసారి ఊరివాళ్లు, "ద్వారం గాలి వైపుంది, అటు తిప్పుకో" అన్నారు.

"పారి ఒత్తే గుర్తుపట్టొద్దేటి?" అంది దాలమ్మ.

ఇంకేం చెప్తారు? నోళ్లు మూసుకుని తాళ్లు పేనారు. ఇల్లు నిలబడింది.

ఇక గోడ అలకడం ఒక్కటే మిగిలింది. దాలమ్మకి చేతులాగలేదు. మెత్తటి ఎర్రమట్టి జల్లెడ పట్టి, పేడ కలిపి, బయటా లోపలా అరచేత్తో నున్నగా పూసింది. తలుపు వెనక, బాగా కింద, పాత గోడలో చిన్న గుంట కనిపించింది. పిడికిలి పట్టేంత గుంట. "ఎలకముండలు! నా ఇల్లే దొరికిందేటే మీకు?" అని తిట్టి, పెంకుముక్క కుక్కి, మట్టి మెత్తి, నున్నగా అలికేసింది. ఎలకలట! మీకు తెలిసిపోయింది కదూ అదెవరి పనో? పాపం, దాలమ్మకి ఆ పూట తట్టలేదు. కొత్త గోడ సంబరంలో ఉంది.

ఊరంతా వచ్చి చూసి శభాష్ అంది. దాలమ్మ రోజూ ముంగిట్లో కూర్చునేది. ఉప్పు ఎడ్లు వచ్చాయంటే వీధికి పరిగెత్తి, "మీలో పెంపుడు పిల్లగా వచ్చిన మనిషెవరైనా ఉందేటి?" అని అడిగేది. లేదనేవాళ్లు. మళ్లీ వచ్చి కూర్చునేది.

ఒకనాడు దాలమ్మ చూరుకి ఆకు తెద్దామని తాటితోపుకి వెళ్లింది. నూకాలు దాలమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని చోళ్లు, అదే రాగులు, చెరుగుతోంది. ఉప్పు ఎడ్లు ఆగాయి. ఒకామె వచ్చి దాహమంది. "లోపల కుండలో ఉన్నాయమ్మా, ముంచుకో" అంది నూకాలు. ఆ మనిషి తల వంచి లోపలికెళ్లింది. నీళ్లు తాగింది. తలుపు వెనక్కి చెయ్యి పెట్టి గోడ తడిమింది. కింద తడిమింది. ఇంకా కింద తడిమింది.

"ఇది కొత్త ఇల్లా అమ్మా?" అని అడిగింది.

"కొత్తది కాపోతే? మా దాలమ్మ సొంత సేతుల్తో కట్టింది. గోడ సూడు, ఎలక బొక్కన్నా ఉందేటి?" అంది నూకాలు గొప్పగా.

"లేదమ్మా. నున్నగా ఉంది" అందామె. బయటికొచ్చి ఒకసారి వెనక్కి చూసింది. ఎడ్ల వెనక వెళ్లిపోయింది.

సాయంత్రం దాలమ్మ ఆకుమోపు దించుతుంటే నూకాలు కబుర్లలో పడి ఆ మాటా చెప్పింది. "ఉప్పోళ్ల మనిషెవత్తో ఒచ్చిందే. నీళ్లు తాగి, తలుపెనక గోడ తడిమింది. ఏటో ఎతుకుతున్నట్టు."

దాలమ్మ చేతిలో మోపు జారిపోయింది. "ఎక్కడ తడిమింది ఒదినా?"

"కిందన. పిల్లలకందే కాడ."

అప్పుడు గుర్తొచ్చింది దాలమ్మకి. మట్టి మూతి గుర్తొచ్చింది. తల్లి వీపు మీద వేసిన దెబ్బ గుర్తొచ్చింది. పారి చెయ్యి తలుపు వెనక్కి వెళ్లడం, గోడ గిల్లడం, అన్నీ కళ్లముందుకొచ్చాయి. గుండ్రటి ఇళ్లు ఊరి నిండా ఉన్నాయి. వంగిన చూర్లు ఊరి నిండా ఉన్నాయి. పారిది అంటూ ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క గుంటే. దాన్ని తన చేత్తోనే పూడ్చేసింది.

దాలమ్మ పరిగెత్తింది. ఊరి చివర దారి మూడుగా చీలింది. ఒక దారిన పోయి "పారీ!" అని పిలిచింది. వెనక్కొచ్చి రెండో దారిన పోయి పిలిచింది. మూడో దారినా పిలిచింది. గంట చప్పుడు ఎటూ లేదు.

తిరిగొచ్చి తలుపు వెనక కూర్చుంది. అలికినదంతా గోళ్లతో పెరికింది. పెంకుముక్క ఊడొచ్చింది. గోళ్లు విరిగాయి, వేళ్ల నుంచి నెత్తురు కారింది. ఆగలేదు. పాత గుంట మళ్లీ బయటపడే దాకా పెరికింది. నూకాలు గడపలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ తర్వాత దాలమ్మ ఏటా గోడంతా అలికేది, ఆ చోటు మాత్రం ముట్టుకునేది కాదు. ఎదురుచూస్తూ ఎదురుచూస్తూ ముసలిదైంది. మంచాన పడ్డాక నూకాలుని పిలిచింది. "ఇల్లంతా అలుకు ఒదినా. అక్కడ మాత్రం ఒగ్గెయ్. పారి రావాలి" అంది. అదే చివరి మాట.

నూకాలు ఆ మాట తన ప్రాణంగా పెట్టుకుంది. ఏటా ఆ ఇల్లు అలికింది, కప్పు నేసింది. ఉప్పు ఎడ్లు ఆగితే చాలు, ఆడవాళ్లందరినీ లోపలికి లాక్కొచ్చేది. "నీళ్లు తాగమ్మా. ఒకపాలి తలుపెనక సెయ్యెట్టమ్మా" అనేది. ఆ ఊళ్లో నీళ్లడిగితే గోడ ముట్టుకోమంటారని బేరగాళ్లంతా నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీ అనుకునేది నూకాలు.

ఒకనాడు ఎడ్ల వెనక తల నెరిసిన ఒకామె వచ్చింది. నీళ్లు తాగింది. నూకాలు చెప్పకముందే ఆమె చెయ్యి తలుపు వెనక్కి వెళ్లింది. వెళ్లిన చెయ్యి తిరిగి రాలేదు.

నూకాలు ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆ ముసలామె గోడ గిల్లి, చిటికెడు మట్టి నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుంది. పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

"అప్పేది?" అంది.

నూకాలు పక్కనే కూలబడి మొత్తం చెప్పింది. దాస్తే దాచొచ్చు, దాచలేదు. "నువ్వొచ్చిన్నాడు నానే గొప్పలు పోయి కొత్త ఇల్లన్నాను తల్లీ. మీ అప్ప మూడు దారులా పరిగెత్తింది. నీకోసరం ఈ గోడ గోళ్లతో పెరికింది. సూడు, ఆ గీతలు ఇంకా ఉన్నాయి. ఇక్కడ ఎవరం అలకలేదు."

పారి వంగి చూసింది. గుంటలో మట్టి మీద వేళ్ల గీతలున్నాయి. తన వేళ్లు ఆ గీతల్లో ఒక్కొక్కటిగా పెట్టింది. సరిపోయాయి. చెయ్యి పట్టుకున్నట్టే పట్టుకుని పొద్దుగూకే దాకా అలాగే కూర్చుంది. ఉప్పు ఎడ్లు ఆమె లేకుండానే వెళ్లిపోయాయి.

అదిగో, అప్పట్నుంచీ ఆ పక్క ఊళ్లలో ఎవరు ఇల్లు కట్టినా, పాత ఇల్లు బాగు చేసుకున్నా, తలుపు వెనక కింద చెయ్యంత మేర అలకరు. దాలమ్మ చోటు అంటారు దాన్ని. దూరం వెళ్లేవాళ్లు అక్కడ చిటికెడు గిల్లి నాలిక మీద వేసుకుని వెళ్తారు. అలికేవాళ్లు అక్కడికొచ్చేసరికి చెయ్యెత్తేసి, "ఆగు, పారి రావాలి" అంటారు.

ఏంటీ? పారి వచ్చేసింది కదా, ఇంకా ఎందుకంటారనా? భలే అడిగావు. మీ ఇంట్లోంచి ఎవరూ వెళ్లలేదేంటి?

సరే, కథ ఒడ్డెక్కింది, నా గొంతు ఎండింది. ఇళ్లకు పొండి. చూరు దగ్గర తల వంచండి. పడుకునే ముందు తలుపు వెనక ఒకసారి తడిమి చూసుకోండి.