ఈ పళ్ళు నీవేనా అవ్వా?

తెలివి అనేది లోకమంతా తిరిగి తిరిగి, అలిసిపోయి, చివరికి తన బుర్రలో చాప పరుచుకుని పడుకుందని విధికుడి నమ్మకం. అతని స్నేహితులు మూలయ్య, చుల్లయ్యల నమ్మకమూ అదే. పక్కన తిరుగుతున్నాం కాబట్టి ఆ తెలివి తమ మీదా కాస్త చిందిందని వాళ్ళ ధీమా.

ముగ్గురూ వెనకటి రోజుల్లో కృష్ణ ఒడ్డున, కొండ మీది బౌద్ధారామంలో శిష్యరికం చేసేవారు. గుండు గీయించుకున్నారు, కాషాయం కట్టారు, కానీ పూర్తి భిక్షువులు కాలేదు. అలా కావాలంటే ఉపసంపద అని ఒక తంతు ఉంది. సంఘం ముందు నిలబెట్టి నాలుగు ప్రశ్నలడుగుతారు, సరిగ్గా చెబితే భిక్షువు. విధికుడు ఏటా నిలబడడం, ఏటా ఏదో ఒకటి కూసి వెనక్కి రావడం. నిన్నగాక మొన్న చేరిన మీసం మొలవని కుర్రాళ్ళు ముందు వరసలో కూచుని వేడివేడి పాయసం జుర్రుతుంటే, ఇతనేమో చివరి వరసలో అడుగంటిన మాడు గీక్కోవాలి. ఆ గరిటె చప్పుడు వింటే చాలు, విధికుడికి ఏడుపొచ్చేది.

"ఈసారీ తప్పావంటే నిన్ను కింద ఊళ్ళో మీ అమ్మ దగ్గరికి పంపెయ్యమంటున్నారు నాయనా. నేనెంతకని అడ్డుపడను?" అన్నారు గురువు రేవత భంతే. మనం అయ్యగారూ అన్నట్టు వాళ్ళు భంతే అంటారు.

"నాకేం తక్కువ భంతే? ఒంట్లో ఉన్న ముప్పై రెండు భాగాలూ పాళీలో గడగడా అప్పజెబుతాను. కేసా, లోమా, నఖా, దంతా, తచో..."

నిజమే, నోరు తిరగడంలో లోటు లేదు. కేసా అంటే జుట్టు, లోమా అంటే ఒంటి వెంట్రుకలు, నఖా గోళ్ళు, దంతా పళ్ళు, తచో తోలు. అలా చీమిడి దాకా, చెమట దాకా ఊపిరి తీసుకోకుండా పోతాడు.

"మాటలు కాదురా కావలసింది. ఒక్కొక్కదాన్నీ తలుచుకుని, ఇది నాది కాదు, ఇది నేను కాదు అని మనసుకి చెప్పుకో. ముందుకి చెప్పు, వెనక్కి చెప్పు. పున్నమిలోగా నేనొచ్చేస్తాను," అని గురువుగారు తాటాకు గొడుగు పట్టుకుని పడవెక్కారు.

అంతే. పడవ మలుపు తిరిగిందో లేదో విధికుడి మొహం పాలిపోయింది.

"ఒరే మూలయ్యా, కొంప మునిగిందిరా! ఈ పళ్ళు నావి కావట."

"గురువుగారన్నారుగా, కావనే."

"నావి కాకపోతే ఇంకెవరివో అయ్యుండాలిగా? ఇవ్వనిది తీసుకోనని చేరిన రోజే మనచేత ఒట్టు వేయించారు. చిన్నప్పట్నించీ ఎవరి పళ్ళతోనో నములుతున్నానురా! దొంగసొత్తు నోట్లో పెట్టుకుని నిలబడితే నన్ను భిక్షువుని చేస్తారా? ఏటా ఎందుకు తప్పుతున్నానో ఇప్పుడు తెలిసింది!"

మూలయ్య గబుక్కున నోరు మూసుకున్నాడు. చుల్లయ్య తన గోళ్ళు చూసుకుని చేతులు వెనక్కి దాచుకున్నాడు. "మరి జుట్టో?" అన్నాడు భయంభయంగా.

"అది మంగలి పట్టుకుపోయాడు. ఆ పాపం వాడిది."

ఇంకేముంది, సొంతదార్లను వెతుక్కుంటూ ముగ్గురూ కొండ దిగారు. మొదటి ఇంటి అరుగు మీద ఒక బోసినోటి అవ్వ చింతపండులో పిక్కలు తీస్తోంది. విధికుడు వెళ్ళి ఆవిడ ముందు నోరు బార్లా తెరిచాడు.

"అవ్వా, ఈ పళ్ళు నీవేనా? సరిగ్గా చూసి చెప్పు."

"నా పళ్ళా? అవి మా పెద్ద మనవరాలు పుట్టిన ఏడే పోయాయి కదా నాయనా."

"పోయాయటరా! విన్నారా, పోయాయట! సొంతదారు దొరికింది!" అని విధికుడు గంతులేశాడు. మూలయ్య అప్పుడే ఊడగొట్టడానికి అనువైన రాయి ఏరుతున్నాడు. అవ్వకి సంగతి అర్థమై చీపురు అందుకుంది.

"ఛీ ఛీ, ఇన్నాళ్ళూ నువ్వు నమిలిన ఎంగిలి పళ్ళు నాకెందుకురా! అవతలికి పొండి!"

ఊళ్ళో సమిద్ధయ్య అని గానుగ యజమాని ఉన్నాడు. దారిలో ఏది పడున్నా "నాదే, పొద్దున జారిపోయింది" అనే రకం. పక్కవాడి గట్టూ ఎదురింటివాడి మేకా అలాగే ఆయనవైపోయాయి. ఆరామానికి దీపాల నూనె ఇస్తాడు, ఇచ్చినట్టు రాతి స్తంభం మీద చెక్కిస్తాడు. ఇచ్చిన నూనె కన్నా చెక్కించిన అక్షరాలే ఎక్కువ. ముగ్గురూ వెళ్ళి గోడు చెప్పుకునేసరికి ఆయన కళ్ళు మిలమిలా మెరిశాయి.

"నావే," అన్నాడు.

"పళ్ళా?"

"పళ్ళూ నావే, గోళ్ళూ నావే. ఆ తోలు చూడగానే గుర్తుపట్టాను, అదీ నాదే. మా ఎద్దు కుంటుతోంది. నా సొత్తు నా గానుగ తిప్పాలి, పదండి."

అంతే, మెడల మీద కాడి పడింది. విధికుడికి ఎంత హాయిగా ఉందో! దొంగసొత్తు సొంతదారుకి చేరింది, ఇక ముందు వరస తనదే. గురువుగారి మాట మరిచిపోకుండా "కేసా, లోమా, నఖా" అంటూ ముందుకి తిప్పాడు. ముప్పై రెండూ అయ్యాక వెనక్కి చెప్పాలిగా, గానుగనీ వెనక్కి తిప్పాడు. రోకలి ఊడొచ్చి, నువ్వులూ నూనే కలిసి నేలంతా పారాయి. సమిద్ధయ్య నెత్తి బాదుకున్నాడు.

మధ్యాహ్నం కాకముందే మొదలైంది అసలు సంబరం.

"అయ్యా, మీ పళ్ళు ఖాళీగా ఉన్నాయి, ఏదైనా పెట్టండి."

పెట్టాడు. కుండ ఖాళీ.

"అయ్యా, మీ తోలు ఎండకి మాడుతోంది. నీడలో పడుకోబెట్టమంటారా?"

"అయ్యా, మీ కాలిగోరు చిట్లింది. మా కాలికే ఉంది కానీ మీదే కదా, కాస్త పసుపు పెట్టండి."

ఇంతలో మూలయ్య రెండు బుగ్గలూ బూరెల్లా పొంగించి ఊఁ ఊఁ అంటూ వచ్చాడు. మాట్లాడలేడు, ఉత్త సైగలు. విధికుడే విడమరిచి చెప్పాడు.

"ఖేళో అయ్యా. అంటే ఉమ్మి. అదీ ముప్పై రెండింట్లో ఉంది. మీ సొత్తు నేలపాలు చెయ్యకూడదని పొద్దుట్నించీ ఆపుకున్నాడు పాపం. ఏ చెంబులో పట్టమంటారు?"

సమిద్ధయ్య నోరు తెరిచేలోగా చుల్లయ్య ముక్కు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "అయ్యా, తొందరగా! సింఘాణికా! మీ చీమిడి వచ్చేస్తోంది!" అంటూ ఆయన పట్టు పైపంచ లాక్కుని అందులోకి హాచ్‌మని తుమ్మి, భద్రంగా మడిచి చేతిలో పెట్టాడు.

"నావి కావు! మొర్రో, నావి కావురా!" అని సమిద్ధయ్య వీధిలోకి దూకాడు.

"అయితే మావా?"

"మీవీ కావు!"

"ఆ అవ్వవా?"

"ఎవరివీ కావు! ఎవరివీ కావురా తండ్రీ! నన్నొదలండి!"

వెళ్ళిన పని అనుకున్నదానికన్నా ముందే ముగిసి, అదే వేళకి పడవ దిగి వస్తున్న రేవత భంతే నిలబడిపోయారు. రెండు చేతులూ జోడించారు. "సమిద్ధయ్యా! జన్మంతా అరిచి నేను చెప్పలేకపోయిన మాట ఒక్క ముక్కలో చెప్పావయ్యా!"

సమిద్ధయ్య ఆ రొప్పులోనే, "దాన్ని కూడా స్తంభం మీద చెక్కించమంటారా?" అన్నాడు.

"ఎవరివీ కావట భంతే!" అని విధికుడు గురువుగారి కాళ్ళ మీద పడ్డాడు. ఆయన కళ్ళు తడిశాయి. మా మొద్దు గట్టెక్కాడని మురిసిపోయారు పిచ్చి మహారాజు.

పున్నమి వచ్చింది. సంఘం కూచుంది. పాయసం మండపంలోకి వచ్చేసింది, అందరి ముందూ గిన్నెలున్నాయి. పెద్ద భిక్షువు ప్రశ్నలు మొదలుపెట్టారు. రోగాలున్నాయా? లేవు. అప్పులున్నాయా? లేవు. గురువుగారు ఊపిరి బిగబట్టారు.

"మనిషివేనా?"

ఎప్పుడో ఒక పాము మనిషి వేషంలో వచ్చి సంఘంలో చేరిందట. అప్పట్నించీ అందర్నీ ఆ మాట అడుగుతారు. అవునంటే సరి. విధికుడి నాలుక చివరిదాకా వచ్చింది అవును. కానీ తెలివైనవాడు కదా, ఆగాడు. జుట్టు నేను కాదు, గోళ్ళు నేను కాదు, పళ్ళు, తోలు... ముందుకి వెతికాడు. వెనక్కి వెతికాడు.

"ముప్పై రెండూ చూశాను భంతే. ఎందులోనూ మనిషి లేడు. కాదు."

మండపంలోని పండితులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "ఆహా, ఎంత లోతు!" అన్నారొకరు. "మనకిన్నాళ్ళూ తెలియలేదు!" అన్నారింకొకరు. ముందు వరసలో కుర్రాళ్ళు జరిగి చోటు కూడా చేశారు. పెద్ద భిక్షువు తన్మయంగా కళ్ళు మూసుకుని అడిగారు.

"మరి నాయనా, ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నది ఎవరు?"

విధికుడు ఆలోచించాడు. మనిషైతే కాదు. అతనికి తెలిసిన రెండో జాతి ఒక్కటే.

"పామై ఉంటుంది భంతే."

ఇంకేముంది! "పాము! పాము!" అని మూలయ్య కర్ర తీశాడు, చుల్లయ్య రాయి తీశాడు. పండితులు గిన్నెలు వదిలేసి స్తంభాలెక్కారు. పాయసం తిరగబడింది. రేవత భంతే నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడ్డారు. అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా "పాము" అని కేకలు పెడుతూ విధికుడే కొండ దిగి ఉరికాడు. సంఘం అతన్ని ఇంటికి పంపే శ్రమ లేకుండా నేరుగా వెళ్ళి వాళ్ళమ్మ తలుపు దబదబా బాదాడు.

"ఎవరది?" అంది తల్లి లోపల్నించి.

"నేనైతే కాదే అమ్మా! తలుపు తియ్యి, నన్ను పాము తరుముతోంది!"

"నువ్వు కాకపోతే నేనెందుకు తీస్తానురా విధికా?" అని ఆవిడ రెండో గడియ కూడా పెట్టుకుంది.