కణాలు తాగని కషాయం

మూడు వారాలుగా వకుళ రాసిన పరిశోధనా పత్రం కురోఇవా సెన్సే బల్ల మీదే పడి ఉంది. ఆయన చదివారు. అంచుల్లో ఒక్క గీతయినా గీయలేదు. సంతకమూ పెట్టలేదు.

జపాన్‌లో మంచు విపరీతంగా కురిసే ఒక తీరపు ఊళ్ళో, పాతకాలపు మూలికా కషాయాల మీద పనిచేసే లాబ్ అది. గురువును అక్కడ సెన్సే అంటారు. వకుళ కాకినాడ నుంచి వచ్చి మూడేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తోంది. ఉద్యోగం మార్చి నెలాఖరు దాకానే. పత్రం అచ్చయితే పొడిగిస్తారు. లేకపోతే ఎనిమిదేళ్ళ కూతురిని బడి మాన్పించి సామాను సర్దుకోవాలి.

ఆ రోజు ఇక ఆగలేకపోయింది.

“ఇందులో ఒక్క అంకె తప్పుందా సెన్సే?”

“లేదు.”

“ఊపిరితిత్తుల కణాలకు వాపు తెప్పించాను. మీద దగ్గు కషాయం పోశాను. వాపు సగానికి తగ్గింది. ఆరుసార్లు చేశాను, ఆరుసార్లూ తగ్గింది. ఇంకేం కావాలి మీకు? మూడేళ్ళూ నేనిక్కడ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నానా?”

పక్క బల్ల దగ్గర పనిచేసే నగాసే, చేతిలో గాజు గొట్టంతో అలాగే నిలబడిపోయాడు. ఆ గదిలో సెన్సేతో ఎవరూ అలా మాట్లాడరు.

సెన్సేకి కోపం రాలేదు. “ఆ కషాయం కాస్త కాచి పెడతావా?” అన్నారు.

ఏదో కొలవడానికి కాబోలు అనుకుంది. మూలికలు తూచి, మట్టికుండలో నీళ్ళు సగమయ్యేదాకా మరిగించింది. గదంతా అల్లం, దాల్చినచెక్క వాసన. ఈలోగా సెన్సే కింది అంతస్తు నుంచి నర్సును పిలిపించి చొక్కా చెయ్యి మడిచారు.

“మనిషి రక్తమా! దానికి అనుమతి కావాలి కదా?”

ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చారు. అనుమతి పత్రమే. రక్తం ఇవ్వడానికి ఒప్పుకున్న ఆరుగురి పేర్లున్నాయి. మొదటిది ఆయనదే. తేదీ కిందటి వేసవిది.

“అప్పట్నుంచీ ఉందా ఇది? నాకు చెప్పలేదేం?”

“నువ్వు అడుగుతావని చూశాను.”

నర్సు ఒక గొట్టం రక్తం తీసింది. తర్వాత సెన్సే గిన్నె రెండు చేతులా ఎత్తి, చేదుకు మొహం చిట్లిస్తూ, చివరి చుక్కదాకా తాగారు. పాత పత్రిక ఒకటి తిరగేస్తూ గంటసేపు కూర్చున్నారు. రెండో గొట్టం తీయించుకున్నారు.

రెండూ వకుళ ముందు పెట్టారు.

“రక్తం గడ్డకట్టాక పైన తేలే సీరం తీసి నీ కణాల మీద పొయ్యి.”

“ఎందుకూ? కషాయమే పోశాను కదా!”

“నీ కణాలు కషాయం తాగలేదు వకుళా. అందులో మునిగాయి. తాగింది నేను.”

వకుళ ఆ గొట్టాల వంక చూసింది. “పొట్ట, పేగులు, కాలేయం...” అని తనలో తనే లెక్క పెట్టుకుంది. “ఇవన్నీ దాటాక ఏం మిగులుతుంది?”

సెన్సే మడిచిన చొక్కా చెయ్యి దించుకున్నారు.

రెండు రోజులకు ఫలితం వచ్చింది. తాగకముందటి సీరానికీ, తాగిన తర్వాతి సీరానికీ వెంట్రుకవాసి తేడా లేదు. వాపు వాపులాగే ఉంది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

ఆ సంగతి సంస్థ అధిపతి మొరివాకి చెవిన పడింది. ఆయనే స్వయంగా లాబ్‌కి దిగివచ్చాడు.

“ఈ రెండో ప్రయోగం చెయ్యమని ఎవరడిగారు మిమ్మల్ని? ముసలాయన ఒక్కడి రక్తం కూడా ఒక రుజువేనా? మొదటిది పంపేయండి. అందులో ఒక్క అంకె తప్పుందా?”

“లేదండీ.”

“మరింకేం?”

“పోయిన చలికాలం మా పాపకి దగ్గు, జ్వరం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళకుండా మూడు రోజులు ఈ కషాయమే పోశాను. నా గ్రాఫు ఉందిగా అని ధైర్యం. నాలుగో రోజు ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. నా పత్రం చూసి రేపు ఇంకో తల్లి అదే పని చేస్తే?”

“మీ ఇంటి సంగతులు నాకెందుకు? నాకు పత్రం కావాలి.”

“రెండు ఫలితాలూ కలిసే వెళ్తాయి. లేదంటే ఏదీ వెళ్ళదు.”

“అయితే మార్చి తర్వాత మీరిక్కడ ఉండరు, వకుళగారూ.”

“మార్చి దాకా ఉంటాను కదండీ.”

మొరివాకి విసురుగా వెళ్ళిపోయాడు. నగాసే తల దించుకుని నవ్వు ఆపుకున్నాడు.

వకుళ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. సెన్సే ఇంతసేపూ కుళాయి దగ్గర కుండ కడుగుతూనే ఉన్నారు. ఇటు తిరిగి ఒక మంచి మాట చెబుతారేమోనని చూసింది.

“రక్తం ఇవ్వడానికి ఇంకా ఐదుగురున్నారు,” అన్నారు ఆయన, కుండలో నీళ్ళు పడుతూ. “మార్చి నెలాఖరుకు పదకొండు వారాలు. పొయ్యి వెలిగించు.”