కళ్లాపి చల్లిన మూల

జోగినాథం మాస్టారు ప్రశ్నకు ఉన్నపళంగా జవాబు చెప్పే మనిషి కారు. అడిగినవాణ్ణి ముందు ఏదో ఒక పనిలో పెట్టేవారు. భార్య పోయాక ఆయన ఒంటరిగా ఉంటున్నారని, ఆ ఇంటి దొడ్డిని శిష్యులే వంతులేసుకుని రోజూ ఊడ్చి, కళ్లాపి చల్లి, అద్దంలా ఉంచేవాళ్లు. అందరిలోకీ శ్రద్ధ ఎక్కువ కోదండపాణికి.

ఒక సాయంత్రం వేదాంత పాఠం అయ్యి అందరూ వెళ్లిపోయినా అతను కదల్లేదు. "మావాడు ఇంటర్ తప్పాడండీ. రోజూ పొద్దున్నే కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెబుతూనే ఉన్నాను. ఒక్కటీ చెవికెక్కదు. ఇప్పుడు నాతో మాట్లాడ్డమే మానేశాడు. బిడ్డ నాకు కాకుండా పోతాడేమోనని భయంగా ఉందండీ. ఇంకేం చెప్పాలి వాడికి?" అన్నాడు.

మాస్టారు దొడ్డి మూల చూపించి, "అక్కడ బచ్చలి పాదు వేద్దామనుకుంటున్నాను. రేపు కాస్త తవ్విపెట్టు" అన్నారు.

మర్నాడు గునపం వేస్తే ఖంగుమంది. కోదండపాణి పంతం మనిషాయె! బిందెలకొద్దీ నీళ్లు కుమ్మరించాడు. సగం నీళ్లు ఇంకకుండా పక్కకు పోయాయి. పైపైన నానిన బురదలోకి దిగి, తొక్కుతూనే తవ్వాడు. ఎండ కాసేసరికి ఆ బురద కాస్తా ఇటుకల్లా బిగిసి కూర్చుంది.

"ఇది నేల కాదండీ, మొండిఘటం!" అని విసుక్కున్నాడు.

"పాపం, పుట్టుకతో ఇలాంటిది కాదు. మీరంతా ప్రేమకొద్దీ ఊడ్చి ఊడ్చి, తొక్కి తొక్కి ఇలా చేశారు" అన్నారు మాస్టారు. గడ్డలకు కొంచెం చెమ్మ తగలనిచ్చి, వాటిని మెల్లిగా చిదిపించి, మాగిన పేడ ఎరువు కలిపించారు. పైన ఎండుటాకులు దట్టంగా పరిపించి, "ఇక దీని జోలికి పోవద్దు" అన్నారు.

తెల్లారి వచ్చిన కోదండపాణికి ప్రాణం చివుక్కుమంది. గురువుగారి దొడ్డిలో చెత్తా! చూసినవాళ్లు శిష్యులు చచ్చారా అనుకోరూ? ఆకులన్నీ ఊడ్చి, కళ్లాపి చల్లి, చదును చేసి మరీ వెళ్లాడు. మాస్టారు మళ్లీ ఆకులు పరిచారు. మంచి అలవాటైనా అలవాటే కదా, చెయ్యి ఊరుకోదు. అతను మళ్లీ ఊడ్చాడు. ఈసారి ఆయన చీపురు అడిగి తీసుకుని అటకమీద పడేశారు.

వానలు మొదలయ్యాయి. ఇంటి దగ్గర కోదండపాణి ఉపదేశం మాత్రం ఒక్క పొద్దూ తప్పలేదు. కొడుకు కంచం పట్టుకుని వేరే గదిలోకి వెళ్లిపోవడం మొదలుపెట్టాడు.

ఆకులు చివికి మట్టిలో కలిసిపోయాక ఒకరోజు మాస్టారు అతన్ని పిలిచి, "చెయ్యి పెట్టి చూడు" అన్నారు. వేళ్లు ఇట్టే దిగిపోయాయి. లోపల వానపాములు మసిలాయి.

"ఇన్నాళ్లూ మనం దీన్ని ముట్టుకోనే లేదు కదండీ!" అన్నాడు కోదండపాణి. అని, చేతికంటిన మట్టి వంక చూసుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మరి ఇంటికెళ్లి మావాడికి ఏం చెప్పమంటారు?" అన్నాడు.

"అన్నం తిన్నావా అని అడుగు" అన్నారు మాస్టారు. "ఆ తరవాత వాడు నోరు విప్పేదాకా నువ్వు విప్పకు."