పుట్టింటి కాన్పు

సిరిపురం రాజుగారి వైద్యశాలలో ముందుగా ఆ రాజ్యం పిల్లలకే వైద్యం నేర్పేవారు. చోటు మిగిలితే పరాయి రాజ్యం వాళ్లను తీసుకునేవారు. చోటు ఏనాడూ మిగల్లేదు.

బుట్టలల్లే గవరమ్మ కూతురు నీలి పరీక్షలో అందరికంటే ముందు నిలిచింది. అయినా ప్రవేశాధికారి నరహరి ఆమెను గుమ్మంలోనే ఆపేశాడు.

"నువ్వు పుట్టింది ఏటవతలి రాజ్యంలో. నీకు చోటు లేదు, పో."

గవరమ్మ ముందుకొచ్చింది.

"తొలి కాన్పు కదయ్యా, మా అమ్మ పుట్టింటికి తీసుకెళ్లింది. నెలల పిల్లను చంకనేసుకుని తిరిగొచ్చాను. పెరిగిందంతా ఇక్కడే."

"పెరగడం కాదు, పుట్టుకే లెక్క. రాజుకైనా నీకైనా ఒకటే న్యాయం!" అని నరహరి మీసం దువ్వాడు.

"బాగా చెప్పారు," అంది గవరమ్మ. "రేపు యువరాజుగారి పట్టాభిషేకంలో కూడా ఈ మాట చెప్పండి."

"అక్కడెందుకు?"

"మహారాణిగారి తొలి కాన్పూ పుట్టింట్లోనే కదయ్యా. ఆ పుట్టిల్లూ ఏటవతలే. మీ లెక్కన మన సింహాసనం పరాయివాడికి పోతోంది. మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

వరుసలో ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. నరహరి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

"కాన్పుకెళ్లడం వేరు, కాపురం వేరు! తల్లి కాపురం ఎక్కడో బిడ్డ ఊరూ అదే. ఆమాత్రం తెలీదా నాకు? ఏమ్మా నీలీ, ఇంకా నిలబడ్డావేం? పాఠం మొదలవుతోంది, లోపలికి పద!"

నీలి పరుగెత్తింది. గవరమ్మ అరుగు మీద కూలబడి, కాళ్లు చాపుకుని, పొద్దుటినుంచి ముట్టని సద్దిమూట విప్పింది.