చప్పట్లు మిగిలిన సందడి

కాకినాడలో గవర్రాజు అనే టీవీ వ్యాఖ్యాత ఉండేవాడు. పదిమంది చేసిన పనిని "ఇదంతా నాదే" అనడం ఆయనకున్న జబ్బు.

అప్పట్లో ఆయన కేబుల్ టీవీలో "శనివారం సందడి" అనే కార్యక్రమం నడిపేవాడు. ఒక పాట, ఒక మిమిక్రీ, ఒక చిన్న నాటిక, ఒక ఇంద్రజాలం. మధ్యమధ్య గళ్ళ కోటు వేసుకుని గవర్రాజు! ఆ గంటసేపు రిక్షావాళ్ళు కూడా బేరాలు వదులుకుని టీవీ ఉన్న కిళ్ళీకొట్టు ముందు నిలబడిపోయేవారు.

నేనూ ఆ సందడిలో ఉండేవాణ్ణి. నిజానికి పాడదామని వెళ్ళాను. గవర్రాజు నా పల్లవి సగం విని, "మీ చేతులు చాలా బాగున్నాయండీ" అని చప్పట్లు కొట్టేవాళ్ళ వరసలో కూర్చోబెట్టాడు. ఆ ఉద్యోగం మాత్రం నేను నమ్మకంగా చేశాను.

ఏళ్ళు గడిచాయి. సందడి ఆగిపోయింది కానీ జనం మరిచిపోలేదు. గవర్రాజు కూరగాయలకు వెళ్ళినా, "ఏవండీ, మళ్ళీ చూపించరా?" అని అడిగేవారు. పాత టేపులన్నీ ఆయన బీరువాలోనే ఉన్నాయి. బూజు పట్టేలోగా డీవీడీ చేసి, టౌన్‌హాల్లో ఊరందరికీ ప్రదర్శించి విడుదల చెయ్యాలని ఆయనకు ఆశ పుట్టింది. ఆ ఆశతో నిద్ర కూడా పట్టేది కాదు. టేపులు మోసుకుని డీవీడీలు చేసే మస్తాన్ దగ్గరికి పరిగెత్తాడు.

"అందరూ సరే అన్నారా సార్?" అని అడిగాడు మస్తాన్.

"ఎవరయ్యా అందరూ?"

"పాడినావిడ, పాట రాసి బాణీ కట్టినాయన, మిమిక్రీ చేసినాయన..."

"అప్పుడే సరే అన్నారుగా!"

"ఆ శనివారం సాయంత్రానికి సరే అన్నారు సార్. పెళ్ళికి పిలిచిన వంటాయన్ని ఏడాదంతా మనింట్లోనే వండమంటామా? సినిమా అయితే ఒక నిర్మాత దగ్గరికెళ్తే చాలావరకు పనైపోతుంది. ఇందులో అయిదేసి నిమిషాలకి ఒక్కో యజమాని. ఇలాంటి పాత కార్యక్రమాలు అందుకే బీరువా దాటి రావు."

"నా కార్యక్రమానికి నేను వెళ్ళి ఒకళ్ళని బతిమాలాలా?"

"బతిమాలక్కర్లేదు సార్. అడిగితే చాలు."

ఆ అడగడమే గవర్రాజుకు చేతకాదు. అయినా ఫోన్ తీసి, సందడిలో పడవపాట పాడిన కాంతామణికి చేశాడు.

"కాంతామణీ, డీవీడీలో నీ పాట వేసేస్తున్నాను."

"చెబుతున్నారా, అడుగుతున్నారా?"

"చెబుతున్నాను."

"అయితే నేనూ చెబుతున్నాను. వద్దు."

తర్వాత మిమిక్రీ సింహాద్రికి చేశాడు. ఆయనకూ అదే ముక్క చెప్పాడు. అటునుంచి "కూ..." అని రైలు కూత వినిపించింది. "బండెళ్ళిపోయిందండీ, ఆయ్!" అని సింహాద్రి ఫోన్ పెట్టేశాడు.

గవర్రాజు మొహం కందగడ్డయింది. "కోసెయ్! అందర్నీ కోసెయ్! జనం వచ్చేది నాకోసం!" అన్నాడు. మస్తాన్ నెత్తి గోక్కుని, అనుమతి లేని ముక్కలన్నీ కత్తిరించేశాడు.

విడుదల రోజు చూడాలి! గవర్రాజు నిలువెత్తు బొమ్మతో వాల్‌పోస్టర్లు, టౌన్‌హాలు బయట తోపులాట, లోపల ఈలలు. కుర్చీలు చాలక కిటికీలు కూడా ఎక్కేశారు. దీపాలు ఆరగానే ఒకటే కేరింతలు. తెరమీద గళ్ళ కోటు మెరిసింది. వెనక సంగీతం మాత్రం లేదు. బాణీ కట్టినాయన్ని కూడా ఎవరూ అడగలేదు మరి.

"నమస్కారం! ఇప్పుడు మీ ముందుకు వస్తున్నది, మీరంతా ఎదురుచూస్తున్న..." అన్నాడు తెరమీది గవర్రాజు. చప్పట్లు. "ఆహా! ఇలాంటి గొంతు మళ్ళీ వింటామా! ఇక ఇప్పుడు..." మళ్ళీ చప్పట్లు. "కడుపుబ్బ నవ్వించాడు కదండీ! ఇక తర్వాత..." మళ్ళీ చప్పట్లు.

ఎవరు పాడారో, ఎవరు నవ్వించారో తెరమీద లేదు. గవర్రాజు ఉన్నాడు, నోరు తెరుచుకుని చప్పట్లు కొడుతున్న నేనున్నాను. ఆరోజు కథానాయకుల్లో సగం నేనే.

ముందు వరసలో ఒక మామ్మగారు లేచింది. "బాబూ గవర్రాజూ! విస్తళ్ళు వేస్తున్నావు, ఎత్తేస్తున్నావు. మధ్యలో అన్నం పెట్టవా?"

హాలు గొల్లుమంది. గవర్రాజు తెరవైపు చూశాడు. పాడినమ్మాయిని మెచ్చుకుంటున్న తన పక్కన ఖాళీ మాత్రమే కనిపించింది. "ఆపు మస్తాన్" అన్నాడు.

వెనక గోడవారన కాంతామణి నిలబడి ఉంది. గవర్రాజు జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆవిడ ముందు ఆగాడు.

"కాంతామణిగారూ, మీ పాట వేసుకోనిస్తారా?"

"ఈ ఒక్క మాట అడుగుతారేమోననే ఆటో కట్టించుకుని వచ్చానండీ. నావైపు నుంచి వేసుకోండి. కానీ పాట రాసి బాణీ కట్టింది మా అన్నయ్య. ఆయన్నీ అడగాలి."

"ఎక్కడుంటారు?"

"పిఠాపురంలో."

"పద మస్తాన్, స్కూటర్ తియ్!" అని గవర్రాజు కోటుతోనే బయటికి ఉరికాడు. అడగడానికి అంత సంబరంగా పరిగెత్తిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. జనం తెరమీది గవర్రాజుకంటే స్కూటర్ మీది గవర్రాజుకే గట్టిగా ఈలలు వేశారు.

అసలు డీవీడీ రావడానికి చాలాకాలం పట్టింది. కాంతామణి అన్నయ్య సరేనన్నాడు. సింహాద్రి నవ్వి ఒప్పుకున్నాడు. ఇంద్రజాలం చేసినాయన పోయాడు. ఆయన పిల్లలెక్కడున్నారో తెలియలేదు. నాటిక రాసినాయన వద్దన్నాడు. ఆ ముక్కలు బీరువాలోనే ఉండిపోయాయి. వచ్చింది చిన్న డీవీడీయే. దాని అట్టమీద అందరి పేర్లూ ఉన్నాయి, అన్నిటికంటే కింద గవర్రాజు పేరుంది.

ఆయన మా ఇంటికి కూడా వచ్చాడు. "మీ చప్పట్లు ఉంచుకోమంటారా?" అని అడిగాడు. నేను కాలుమీద కాలేసుకుని, "ఆలోచించి చెబుతాను" అన్నాను. అడిగించుకోవడం అంత బాగుంది మరి!

పదిమంది కలిసి చేసినదాన్ని నాదే అంటే చివరికి మన గొంతొక్కటే మిగులుతుంది. ఎవరి పాలు వారిదని ఒప్పుకుని అడిగితేనే అది మళ్ళీ పదిమందికీ చేరుతుంది.